ముందు జబ్బు పేరు చెప్పుండ్రి

అనసూర్య నర్సంపేట పక్క పల్లెలో పుట్టింది. వరంగల్ మట్టెవాడకు కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే రేషన్ షాపతనితో తగువు పెట్టుకుంది. చక్కెరలో తూకం తక్కువ వేస్తున్నాడని తక్కెడ కింద చెయ్యి పెట్టి చూపించింది. "కొత్త కోడలు గట్ల బజార్ల మాట్లాడొచ్చునా?" అని ఎవరో అడిగితే, "కొత్త కోడలు చక్కెర తినదా?" అంది. ఆ మాట వాడంతా తిరిగి ఆమె అత్త పోశవ్వ చెవిన పడింది. పోశవ్వ కోడల్ని తిట్టలేదు. మర్నాటి నుంచి రేషన్‌కు ఆమెనే పంపింది.

పోశవ్వకు చిన్న వయసులోనే మొగుడు పోయాడు. రాట్నం మీద నూలు కండెలు చుట్టి కొడుకును పెంచింది. ఆ కొడుకు నర్సింగం జంపఖానాలు నేస్తాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో మాట లేదు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో వంట, మధ్యలో అత్తాకోడళ్ల రెండు రాట్నాలు. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఆ రాట్నాలూ, ఆ రెండు నోళ్లూ ఆగేవి కావు. ఉప్పు దగ్గర, నీళ్ల బిందె దగ్గర, నూలు రంగు దగ్గర, దేని మీదైనా జగడమే. ఆ జగడం లేకపోతే ఇద్దరికీ తోచేది కాదని చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో అనసూర్యకు కానుపయింది. ఇంట్లోనే మంత్రసాని చేసింది. ఆడపిల్ల పుట్టింది, బాగానే ఏడ్చింది. కానీ తల్లికి రక్తం ఆగలేదు. బట్టలు తడిసి, చాప తడిసి, మగ్గం గుంట దాకా పారింది. నర్సింగం ఆమెను రిక్షాలో వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. అక్కడ తన రక్తమిచ్చాడు, పక్కింటి వాళ్లు ఇచ్చారు. డాక్టర్లు రాత్రంతా కష్టపడి ప్రాణం నిలబెట్టారు. తెల్లారేసరికి అనసూర్య కళ్లు తెరిచి, "పొల్ల ఏది?" అని అడిగింది.

పిల్లకు విమల అని పేరు పెట్టుకున్నారు. విమల బతికింది గాని, తల్లికి పాలు రాలేదు. పోశవ్వ ఎల్లిగడ్డ కారం పెట్టింది, మెంతులు ఉడకబెట్టి పెట్టింది, ఎవరు ఏం చెబితే అది చేసింది. ఒక్క చుక్క పడలేదు. పక్కింటి బాలింత కొన్నాళ్లు పాలిచ్చింది. తర్వాత మేకపాలతో పిల్లను పోశవ్వే సాకింది.

ఆ కానుపు తర్వాత అనసూర్య మళ్లీ మునుపటి మనిషి కాలేదు. నెలసరి ఆగిపోయింది. కనుబొమ్మలు పలచబడ్డాయి. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, పొడిగా తయారయింది. రోహిణి ఎండల్లో జనం గోడలకు నీళ్లు చల్లుకుంటుంటే ఆమె చద్దరు కప్పుకుని కూర్చునేది. గొంతు మందగించింది. కండె చుడుతూ చుడుతూ అలాగే కునికేది. పండక్కి ఒక పూట పస్తుంటే చెమటలు పట్టి కూలబడేది.

అన్నిటికంటే పెద్ద మార్పును ముందు గమనించింది పోశవ్వే. తను తిడితే కోడలు తిరిగి తిట్టడం లేదు. "దాని నోరు ఏడవోయింది?" అని కొడుకును అడిగింది. నర్సింగం మగ్గం ఆడిస్తూనే ఉన్నాడు. అత్త గుండెల్లో మొదటిసారి భయం పుట్టింది.

వాడలో మాత్రం భయం కాదు, మాట పుట్టింది. పని ఎగ్గొట్టే సోమరి అన్నారు. మొగుడి రక్తం తాగి పండుకుంది అన్నారు. కన్నపిల్లకు పాలియ్యని రాయి అన్నారు. ఈ చివరి మాట విమల ముందే ఒకావిడ అంది. ఆ పూట అనసూర్య గోడ పట్టుకుని లేచి, వీధి దాటి ఆ ఇంటి ముందు నిలబడింది. "నాకు పాలు రాలే. నేను ఇయ్యనని అనలే. ఈ రెంటికి ఫరక్ తెలిసేదాంక నా పొల్లతోని మాట్లాడకు," అని చెప్పి తిరిగొచ్చింది. వచ్చి, గడపలోనే పడి నిద్రపోయింది.

పోశవ్వను ఆ భయం ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఇంటికే వచ్చి ముగ్గేసి, పొగ పెట్టి, వేపమండలతో కోడలి వీపు మీద రెండు చరిచాడు. మూడోసారి చెయ్యెత్తేసరికి అనసూర్య ఆ మండలు పట్టుకుంది. లాక్కునే బలం లేదు. వదలనూ లేదు.

"నా ఒంట్ల దయ్యం లేదు, జబ్బున్నది," అంది మెల్లగా. "నువ్వు కొడితె పోయేదైతె ఎన్నడో పోతుండె. అత్తా, ఈయనకు చాయ్ పోసి పంపియ్యి. ఆ జబ్బు పేరు చెప్పేటోన్ని తీస్కరా."

ఆ తర్వాత డాక్టర్ల దగ్గరికి తిరిగారు. ఒకాయన రక్తం తక్కువన్నాడు, సీసాల కొద్దీ టానిక్కు తాగించాడు. ఇంకొకాయన నాడి చూసి, మనసులో ఏదో దిగులుంది, మనాదితో ఇలా అయిందన్నాడు. "నా మనసు నాకు ఎర్కలేదా సారూ?" అని అనసూర్య ఆయన్నే అడిగింది. "జబ్బుతోని దిగులొచ్చింది. దిగులుతోని జబ్బు రాలే." ఆయన చీటీ రాసి, తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఐదేళ్లు ఇలాగే గడిచాయి. డెబ్బై తొమ్మిదిలో హన్మకొండలో ఒక డాక్టరు ఆమె గొంతు విని, చర్మం తడిమి చూసి, ఇది థైరాయిడ్ అన్నాడు. మొట్టమొదటిసారి ఒక పేరు వినపడింది. అనసూర్య ఆ మాత్రలు దేవుడి ప్రసాదంలా వేసుకుంది. వారం తిరిగేసరికి వాంతులు మొదలయ్యాయి. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో కండెల బుట్ట మీదే కుప్పకూలింది. మళ్లీ రిక్షా, మళ్లీ దవాఖాన. సెలైన్లు ఎక్కించి, ఏదో ఇంజెక్షన్ ఇచ్చాక కళ్లు తెరిచింది.

అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఒక మాట చెప్పాడు. "అమ్మా, ఇది ఒక్క థైరాయిడ్‌తో అయ్యేటట్టు లేదు. హార్మోన్ల జబ్బు లెక్కున్నది. దానికి వేరే డాక్టర్లుంటరు."

"ఏడుంటరు సారూ?"

"ఈడైతె లేరు. హైదరాబాద్ల ఉండొచ్చు. అడగాలె."

ఇంటికొచ్చాక నర్సింగం, పోశవ్వ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు: ఇక మందులు వద్దు, మందులే చంపేటట్టున్నాయి. అనసూర్య మాత్రం పడుకున్న చోటు నుంచే వచ్చిన ప్రతివాళ్లనూ అడగడం మొదలుపెట్టింది. హార్మోన్ల డాక్టర్ ఎక్కడుంటాడు? మందుల షాపతను అలాంటి డాక్టర్ ఉండడన్నాడు. కాంపౌండరు ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాడు. ఆడవాళ్ల డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో తప్పేం లేదు, నరాల డాక్టరుకు చూపించుకోమంది. నరాల డాక్టరు నరాలు బాగానే ఉన్నాయన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నయట," అంది అనసూర్య పోశవ్వతో. "నేనే బాగ లేను."

ఆ రోజుల్లోనే కులపెద్ద గుండయ్య ఇంటి అరుగు మీద నలుగురు కూర్చున్నారు. నర్సింగానికి మేనమామ వరసయ్యే ఒకతను మాట తెచ్చాడు. ఇంట్లో పని చేసే మనిషి లేదు, మగపిల్లాడు లేడు, ఉన్న ఆడమనిషి మంచం దిగదు. నర్సింగానికి రెండో పెళ్లి చేస్తే తప్పేంటి? మొదటామెకు తిండికి లోటు రానియ్యరు. ఆమెను అడగాల్సిన పని లేదని అనసూర్యను పిలవలేదు. నర్సింగాన్ని పిలిచారు. అతను వెళ్లి, తల వంచుకుని కూర్చున్నాడు.

ఈ సంగతి విమల పరుగెత్తుకొచ్చి తల్లికి చెప్పింది. అనసూర్య చద్దరు కప్పుకుని, కూతురి భుజం పట్టుకుని, ఆగుతూ ఆగుతూ గుండయ్య ఇంటికి నడిచింది. ఆమె అరుగు ఎక్కేసరికి అందరూ మాట ఆపేశారు.

"చెప్పుండ్రి పెద్దయ్యా, ఆగిండ్రేంది?" అంది. గొంతు లోతులోంచి, ముక్కలు ముక్కలుగా వస్తోంది. "నా ముచ్చటేనాయె."

గుండయ్య చెడ్డవాడు కాదు. ఇబ్బందిగా కదిలాడు. "బిడ్డా, నీకు అన్యాయం జేద్దామని కాదు. నువ్వు ఇన్నేండ్ల సంది గట్లనే ఉంటివి. ఇల్లు నడువాలె గద."

"నడువాలె. మరి మీ మగ్గం ఆగితె ఏం జేస్తరు? ఏడ తెగిందో, ఏడ ఇరిగిందో సూత్తరా, సూడకుంటనే కొత్త మగ్గం తెచ్చుకుంటరా?"

గుండయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నన్ను సోమరిదన్నరు, ఊకున్న. దయ్యమన్నరు, ఊకున్న. ఇప్పుడు నన్ను మూలకేస్తమంటాండ్రు. మూలకెయ్యుండ్రి. గని ముందు నా జబ్బు పేరు చెప్పుండ్రి. మీల ఎవలు చెప్తరు? పేరు తెల్వని జబ్బుకు శిచ్చ ఎట్ల ఏస్తరు?" ఊపిరి ఆడక ఆగింది. మళ్లీ అంది. "దసరా దాంక ఆగుండ్రి. నేనే తెలుసుకొస్త. మందు లేదంటె అప్పుడు చెప్పుండ్రి, వింట."

గుండయ్య నర్సింగం వైపు చూశాడు. నర్సింగం ఒక్క మాట కూడా అనలేదు. దసరా దాకా ఆగడానికి పెద్దలు ఒప్పుకున్నారు. ఇంటికొచ్చే దారిలో అనసూర్య మూడు చోట్ల కూర్చుంది. నర్సింగం పక్కనే నిలబడ్డాడు. చెయ్యి అందిస్తే ఆమె పట్టుకోలేదు.

డాక్టరు జాడ చివరికి దొరికింది షుగర్ జబ్బున్న టీచరమ్మ దగ్గర. లక్ష్మీనర్సమ్మ రెండు వీధుల అవతల ఉండేది. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. పొద్దున్నే గాజు సిరంజి నీళ్లలో మరగబెట్టుకుని, తన ఇంజెక్షన్ తనే తొడకు పొడుచుకుని బడికి పోయేది. ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టి కొత్త కుండలో దాచుకునేది. తన క్లాసులో విమల దిగాలుగా కూర్చుంటే కారణం అడిగి, సాయంత్రం ఇంటికొచ్చింది. అనసూర్య చెప్పిందంతా వింది.

"చెల్లె, నేను హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు పోతా, షుగర్ చూపెట్టుకోను," అంది. "మేము షుగర్ డాక్టర్ అంటం గని, ఆయన గది మీద బోర్డుంటది. ఎండోక్రైనాలజీ అని. ఒకసారి అడిగిన, సారూ దీనికి అర్థమేందని. ఒంట్లె హార్మోన్లు తయారుచేసే గ్రంథులుంటయి, అవిటికి డాక్టర్‌నమ్మా, షుగర్ అండ్ల ఒకటి అన్నడు. నువ్వు దేవులాడేటాయన ఆయనే గావచ్చు."

అనసూర్య లేచి కూర్చుంది. "ఎప్పుడు పోదాం అక్కా?"

"నీ ఇంటాయన..."

"ఆయన్ని అడిగేదేమున్నది? ఆయన నోరు తెరిచేదాంక రైలు ఆగుతదా?"

నర్సింగం వరంగల్ స్టేషన్ దాకా వచ్చాడు. తను నేసిన జంపఖానా ఒకటి చుట్టి ఆమె చేతికిచ్చాడు, రైల్లో పరుచుకోమని. పోశవ్వ జొన్నరొట్టెలు మూట కట్టింది. "చస్తవేమోనే," అని ఏడ్చింది. "ఈడుంటె బతుకుతాన్నానత్తా?" అని అనసూర్య రైలెక్కింది.

హైదరాబాద్ దవాఖానలో షుగర్ వాళ్ల లైను వరండా దాటి మెట్ల దాకా ఉంది. అందరి చేతుల్లో సీసాలు, చీటీలు. లక్ష్మీనర్సమ్మ వెనక అనసూర్య జంపఖానా పరుచుకుని కూర్చుంది. లైను కదిలినప్పుడల్లా పిర్రల మీద జరిగింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి అటెండరు అడ్డం నిలబడ్డాడు.

"నీకు షుగరుందా?"

"లేదు."

"మరి గీ లైన్ల ఎందుకున్నవ్? ఇది షుగరోళ్ల దినం. బైటికి నడువ్."

"గ్రంథుల డాక్టర్ లోపలున్నడా లేడా?"

"ఉన్నడు. షుగర్ లేనోళ్లను ఇయ్యాల సూడడు."

"ఆ మాట ఆయన నోటితోని చెప్పమను. పోత," అంది అనసూర్య. లేవలేదు. లేవమని రెండుసార్లు అరిచాడు. లేవడానికి ఆమెకు ఎలాగూ శక్తి లేదు. లక్ష్మీనర్సమ్మ టీచరు గొంతుతో అందుకుంది: "నా నంబర్ మీద ఆమెను సూడమను. నేను మల్లొస్త." ఆ గోలకు లోపలి నుంచి డాక్టరు బయటికొచ్చాడు. నడివయసు మనిషి. కళ్లద్దాలు పైకి నెట్టుకుని అనసూర్య మొహం వంక కాసేపు చూశాడు. చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కనుబొమ్మలు చూశాడు.

"లోపలికి తీసుకురండి," అన్నాడు.

గదిలో చదువుకునే డాక్టర్లు ఐదారుగురు ఉన్నారు. డాక్టరు ఆమెను కూర్చోబెట్టి, "ఎన్నేళ్ల నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగాడు. కానుపప్పటి నుంచి అంది. రక్తం బాగా పోయిందా? పోయింది. ఎక్కించారా? ఎక్కించారు. ఆయన కొంచెం ముందుకు వంగాడు.

"బిడ్డకు పాలు వచ్చాయా?"

ఐదేళ్లకు పైగా ఎంతమంది దగ్గరికో తిరిగింది. ఈ మాట అడిగినవాళ్లు లేరు. తిట్టినవాళ్లే ఉన్నారు. అనసూర్య తల అడ్డంగా ఊపింది.

"ఒక్క చుక్క రాలే సారూ. మా అత్త అన్నీ పెట్టింది. రాలే."

డాక్టరు కుర్ర డాక్టర్ల వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. వాళ్లు తలలాడించారు. ఒకామె వచ్చి అనసూర్య చంకలో వెంట్రుకలు రాలిపోవడం చూసి, ఏదో అంది. అనసూర్య అందరి మొహాలూ చూసింది.

"సారూ," అంది. "రోగం నాది. వాళ్లకు ఇంగ్లీషుల చెప్పింది నాకు తెలుగుల చెప్పుండ్రి."

డాక్టరు కుర్చీ ఆమె ఎదురుగా జరుపుకుని చెప్పాడు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. అది మేస్త్రీలాంటిది. మిగతా గ్రంథులు పని చేయాలంటే దాని హుకుం కావాలి. కానుపులో రక్తమంతా పోయినప్పుడు ఆ గ్రంథికి రక్తం అందలేదు. అది ఎండిపోయింది. అందుకే పాలు రాలేదు, నెలసరి రాలేదు, ఒంట్లో వేడి లేదు, బలం లేదు. థైరాయిడ్ కూడా అందుకే తగ్గింది. ఆ మాత్ర తప్పు కాదు. దానికంటే ముందు వేరే మాత్ర పడాలి, అది పడకుండా ఇది పడింది కాబట్టి ఒళ్లు తట్టుకోలేకపోయింది.

"దీని పేరు?" అంది అనసూర్య.

"షీహాన్ జబ్బు అంటారు. కనిపెట్టిన డాక్టరు పేరు అది."

"షీహాన్," అని ఆమె మెల్లగా పలికింది. ఇంకోసారి పలికింది. "మందున్నదా?"

"ఉంది. రోజూ వేసుకోవాలి. బతికినంత కాలం."

"సోమరితనం కాదన్నట్టేనా సారూ?"

"కాదమ్మా. జబ్బు."

ఆమె నవ్వింది. ఆమె అలా నవ్వడం లక్ష్మీనర్సమ్మ అంతకుముందు చూడలేదు.

రక్తపరీక్షలు, తల ఎక్స్‌రే అయ్యాయి. వార్డులో చేర్చుకుని మొదట ఒక మాత్ర మొదలుపెట్టారు. మూడో రోజుకు ఆమెకు ఆకలి వేసింది. ఆకలి అంటే ఎలా ఉంటుందో మరిచిపోయానని పక్క మంచం ఆవిడకు చెప్పి, ఆవిడ రొట్టె కూడా తింది. కొన్నాళ్లకు థైరాయిడ్ మాత్ర కలిపారు. పంపించే రోజు డాక్టరు గట్టిగా చెప్పాడు: మొదటి మాత్ర ఒక్క రోజు కూడా ఆపొద్దు, జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలి, పస్తులు వద్దు. ఆమె ఇంకొకటి అడిగింది.

"మల్ల కానుపు?"

ఆయన దాచలేదు. "ఈ మందులతో రాదు. దానికి వేరే ఇంజెక్షన్లు కావాలి. ఇక్కడ ఇప్పుడు దొరకవు. ఆశ పెట్టుకోవద్దు."

ఆమె చీర కొంగు సర్దుకుని, మాత్రల పొట్లాలు మూటలో కట్టుకుంది.

మట్టెవాడకు వచ్చిన నెల లోపే చద్దరు తీసి దండెం మీద వేసింది. గొంతు పలచబడింది. మొహంలోకి రంగు ఎక్కింది. ఒక పొద్దున పోశవ్వ ఎప్పటి అలవాటు కొద్దీ, కండెలు వదులుగా చుట్టావని గొణిగింది. కోడలు రాట్నం ఆపి, "నీ కండ్లు వదులైనయి, నా కండెలు కాదు. సూపు ఆననప్పుడు సప్పుడు జెయ్యక కూసోవాలె," అంది. పోశవ్వ నోరు తెరుచుకుని చూసింది. లేచి వీధిలోకి పరుగెత్తింది. "ఓ అక్కా! ఓ వదినా! నా కోడలు నన్ను తిట్టిందే!" అని ఇంటింటికీ చెప్పి వచ్చింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

దసరాకు ముందే, ఎవరూ పిలవకుండానే, అనసూర్య గుండయ్య అరుగు ఎక్కింది. నర్సింగాన్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ఈసారి ఎవరి భుజమూ పట్టుకోలేదు.

"పెద్దయ్యా, నా జబ్బు పేరు షీహాన్. కానుపుల రక్తం పోయి, తలకాయల గ్రంథి ఎండింది. మందు దొరికింది. ఇగో, నడిచొచ్చిన."

"మంచిదాయె బిడ్డా," అన్నాడు గుండయ్య. "మరి కొడుకు..."

"నాకు మల్ల కానుపు కాదు. సారు చెప్పిండు. నేను దాయ," అంది ఆమె. "ఇది నా తప్పు కాదు, ఎవల తప్పు కాదు. నాకు నా విమల చాలు. ఈయనకు చాలునో లేదో ఈయనే చెప్పాలె. మొన్న మీరందరు మాట్లాడిండ్రు, ఈయన ఒక్కడే మాట్లాడలే. ఇయ్యాల నేను మాట్లాడ. మీరు గూడ మాట్లాడొద్దు."

అందరూ నర్సింగాన్ని చూశారు. అతను ఈసారి తల ఎత్తి, "నాకు రెండో పెండ్లి వద్దు," అన్నాడు. "అప్పుడు గూడ వద్దనే ఉండె."

ఇంటికి వచ్చాక అనసూర్య అడిగింది: "అప్పుడు గూడ వద్దనే ఉంటె, అప్పుడే అంటె ఏం పోయేది?"

అతను మగ్గంలో దిగి కూర్చున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ రోజే కాదు, తర్వాత ఎన్నడూ చెప్పలేదు. వాళ్లు కలిసే బతికారు. ఒకరికొకరు వండుకున్నారు, నేసుకున్నారు, కూతుర్ని చదివించుకున్నారు. కానీ ఆ కోపం ఆమెలో చాలా ఏళ్లు ఉంది. పోగొట్టుకోవాలని ఆమె ప్రయత్నించలేదు కూడా. "ఆయన మంచోడే," అనేది. "గని మంచితనం లోపల బెట్టుకుంటె ఎవలకు అక్కెరకొస్తది?"

మందుతో బతకడం కూడా రోజూ ఒక పోరే అయింది. శివరాత్రికి ఉపవాసం లేదని బంధువులు మూతి ముడిచారు. ఆమె వాళ్ల ఎదుటే పెరుగన్నం కలుపుకుని తింది. "ఈ మాత్రలు అలవాటు పడితె ఒల్లు పాడైతది" అని భయపెట్టిన వాళ్లకు, "మానితె ప్రాణం పోతది, ఏది నయం?" అంది.

ఎనభై నాలుగు వేసవిలో వరంగల్ మందుల షాపుల్లో ఆమె థైరాయిడ్ మాత్ర దొరకలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని తిప్పారు. మూడు వారాలయ్యేసరికి గొంతు మళ్లీ బరువెక్కడం ఆమెకే తెలిసింది. హైదరాబాద్ పోదామంటే అప్పుడే ఆర్టీసీ సమ్మె. బస్సుల జనమంతా స్టేషన్‌కు వచ్చి పడ్డారు. రెండు రోజులు వెళ్లినా రైల్లో కాలు పెట్టే జాగా దొరకలేదు.

"సమ్మె అయిపోయినంక పోదువులే," అన్నాడు నర్సింగం.

"నేను మల్ల ఆ నిద్రల పడ," అంది ఆమె.

ఎనుమాముల మార్కెట్ నుంచి మిరపకాయల లారీలు హైదరాబాద్ పోతాయని ఆమెకు తెలుసు. పొద్దున్నే అక్కడికి నడిచింది. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే తిరిగి చూసింది. పోశవ్వ, చంకలో సద్దిమూటతో.

"నువ్వెందుకత్తా?"

"రిక్షాల మొగడు తీస్కపాయె, రైలుల పంతులమ్మ తీస్కపాయె. నేను తీస్కచ్చింది ఆ వేపమండలోన్నే. ఒక్కసారన్న సక్కటి తావుకు తీస్కపోనియ్యవా?"

మొగిలయ్య అనే డ్రైవరు ఆడవాళ్లను ఎక్కించుకోనన్నాడు. ముందు సీట్లో అప్పటికే మనుషులున్నారు. బస్తాల మీద కూర్చుంటామంది అనసూర్య. "ఘాటుకు సస్తరవ్వా," అన్నాడు. "ఘాటుకు సావం, మందు లేకుంటె సస్తం," అంది పోశవ్వ, అప్పటికే టైరు మీద కాలు పెట్టి.

దారి పొడుగునా తుమ్ములే. ఒకరు ఆపితే ఒకరు. కళ్లు మండిపోయాయి, ముక్కులు కారాయి. జనగామ దాటాక పోశవ్వకు తుమ్ముల మధ్య నవ్వొచ్చింది. ఆమెను చూసి అనసూర్యకూ వచ్చింది. లారీ ఎదురుగాలిలో పోతోంది, పైన ఎండ, కింద బస్తాలు, మధ్యలో అత్తాకోడళ్లు నవ్వలేక తుమ్మలేక ఒకరినొకరు పట్టుకున్నారు.

వాళ్లు దవాఖాన చేరేసరికి ఓపీ అయిపోయింది. తలుపు మూస్తున్న కొత్త అటెండరు రేపు రమ్మన్నాడు. అనసూర్య నోరు తెరిచే లోపే పోశవ్వ గడప మీద కూర్చుంది. ఎర్రటి మిరపదుమ్ము చీర నిండా ఉంది.

"నా కోడలికి షీహాన్. మందు రాసిచ్చేదాంక నేను లేవ. లేపుతవా, లేపు," అంది.

అతను దగ్గరికి వచ్చి, వంగి, గట్టిగా తుమ్మాడు. లోపల బ్యాగు సర్దుకుంటున్న డాక్టరు ఆ చప్పుడుకు తల ఎత్తి చూశాడు. అనసూర్యను గుర్తుపట్టాడు. బ్యాగు కింద పెట్టి, గొంతు విన్నాడు, నాడి చూశాడు, ఆరు నెలల మందు దవాఖాన నుంచే ఇప్పించాడు. మాత్ర దొరకనప్పుడు ఏ షాపులో అడగాలో కూడా చెప్పాడు. "ఎలా వచ్చారమ్మా, బస్సులు లేవుగా?" అని అడిగితే పోశవ్వ, "మిరపకాయల మీద," అంది.

గేటు బయట పంపు దగ్గర ఇద్దరూ మొహాలు కడుక్కున్నారు. సద్దిమూట విప్పితే అన్నానికి కూడా మిరప ఘాటు పట్టింది. అనసూర్య తిని, మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"ఇవి జన్మంత మింగాలెనా?" అంది పోశవ్వ.

"జన్మంత."

"మింగు," అంది పోశవ్వ. మూట దులిపి కట్టి, తిరుగు లారీ ఏ వైపు దొరుకుతుందో రిక్షావాళ్లను అడగడానికి ముందు నడిచింది.